మూలకు అవతల ఎవరు?

“అది మా భాయే, ఆపా. కండ్లు, గడ్డం, గొంతు అన్నీ మా భాయ్‌వే. మాటలే మా భాయ్‌వి కావు.”

ముస్కాన్ ఫోన్‌ని బల్ల మీద పెట్టి, చుర్రుమన్నట్టుగా చెయ్యి వెనక్కి తీసుకుంది. ఫలక్‌నుమాలో బట్టల దుకాణం పైనున్న ఆ చిన్న గది ఎండకు ఉడికిపోతోంది. ప్రైవేట్ డిటెక్టివ్ ఆఫియా కుర్చీ ముందుకు జరుపుకుని వీడియోను మళ్లీ మొదటి నుంచి పెట్టింది.

తెల్లగోడ. గోడ ముందు ముప్పై ఏళ్ల మనిషి. పేరు తారిక్. యాకుత్‌పురాలోని ‘రూపదర్శి’ అనే ఇమేజింగ్ సంస్థలో పరిశోధకుడు. నాలుగు రోజులుగా ఇంటికి రాలేదు. నిన్న పొద్దున చెల్లెలికి ఈ వీడియో కాల్ చేశాడు. చెల్లెలు గాభరాలోనూ తెలివి తప్పకుండా రికార్డు చేసుకుంది.

“అమ్మీకి చెప్పు. నేను బొంబాయిలో ఉన్నాను. కొత్త ఉద్యోగం దొరికింది. క్షేమంగా ఉన్నాను. నా కోసం వెతకవద్దు.”

మాటలు అయిపోయాయి. కాల్ మాత్రం వెంటనే తెగిపోలేదు. తారిక్ రెప్ప వేయకుండా కెమెరాలోకి చూస్తూనే ఉన్నాడు. ఏదో చెప్పబోయి మింగినట్టు గొంతు కదిలింది. అప్పుడు తెర నల్లబడింది.

“క్షేమంగ అనే మాట మా ఇంట్ల ఎవ్వరం ఎన్నడనలే,” అంది ముస్కాన్. “ఇంకొకటి చూసినవా ఆపా? మాట్లాడుకుంట మాట్లాడుకుంట పక్కకు చూసిండు. అక్కడ ఎవరో ఉన్నట్టు.”

ఆఫియా చూసింది. ఏళ్ల తరబడి పోలీసు క్లూస్ టీంలో ఫొటోలు తీసిన కన్ను ఆమెది. శవాలను, పగిలిన తాళాలను, రక్తపు మరకలను ఏ వైపు నుంచి వెలుతురు పడేలా తీస్తే నిజం బయటపడుతుందో ఆ కంటికి తెలుసు. ఈ వీడియోలో మాత్రం ఆ కన్ను ఎక్కడా ఆగలేకపోయింది.

“పోలీసోళ్లు ఏమన్నరు?”

“వీడియో చూపించిన. ఆయనే చెప్తుండు కదమ్మా, ఇగ మమ్మల్నేం జెయ్యమంటవ్ అన్నరు. ఆఫీసు గేటు కెమెరాల గూడ బయటికి పోతున్నట్టే ఉందంట.” ముస్కాన్ దుపట్టా అంచుతో ముఖం తుడుచుకుంది. కంప్యూటర్ డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతున్న పిల్ల. నాలుగు రోజుల్లో కళ్ల కింద నలుపు దిగింది. “మా భాయ్ ఫొటో దిగుమంటెనే పారిపోతడు ఆపా. నా పెండ్లి ఖాయమైన పొద్దు, మంగ్నీ ఫొటోలల్ల గూడ లేడు. గసుంటోడు వీడియో కాల్ జేసి గంతసేపు కండ్లల్ల కండ్లు పెట్టి చూసుడేంది?”

ఆఫియా లేచి సంచి భుజానికి తగిలించుకుంది. “నడువు బేటా. ఆఫీసుకు పోదాం.”

*

వెలుతురు మీద పరిశోధన చేసేవాళ్లకు ముందుగా కావలసింది చీకటి. అందుకే రూపదర్శి వాళ్లు అద్దాల మేడలు వదిలేసి యాకుత్‌పురా గల్లీ చివర ఒక పాత దేవిడీని, నవాబుల కాలం నాటి బంగళాను, అద్దెకు తీసుకున్నారు. మూరెడు మందం సున్నపు గోడలు. లోపలి గదుల్లోకి పట్టపగలు కూడా ఎండపొడ రాదు.

గేటు తట్టే ముందు ఆఫియా దేవిడీని ఒకసారి చుట్టి వచ్చింది. వెనక గోడకు, నేలకు జానెడు ఎత్తులో, అర్ధచంద్రాకారపు గూళ్లు వరుసగా ఉన్నాయి. అన్నిటినీ ఇటుకలతో పూడ్చేశారు. ఒక్కదానికి మాత్రం ఇనుప ఊచలు మిగిలాయి.

ఆదివారం కావడంతో ఆఫీసు ఉద్యోగులెవరూ రాలేదు. వాచ్‌మన్ కృష్ణయ్య గేటు తీశాడు. జల్‌పల్లి నుంచి రోజూ వచ్చిపోయే మనిషి. తారిక్ పేరు చెప్పగానే ముఖం వాడిపోయింది.

“కృష్ణయ్యన్నా, ఆ రోజు తారిక్ బయటికి పోవుడు నువ్వు చూసినవా?”

“చూసిన మేడం. పోలీసోళ్లకు గూడ చెప్పిన. పొద్దుగూకంగ, మగ్రిబ్ నమాజు టైంల పోయిండు.”

“నీ ముందటి నుంచే పోయిండా?”

“అంటే…” కృష్ణయ్య గేటు పక్కనున్న తన గదిని, గదిలో బల్ల మీదున్న చిన్న తెరను చూశాడు. “నేను లోపట ఛాయ్ పెట్టుకుంటున్న. గా టీవీల చూసిన. బ్యాగు ఏసుకొని పోతనే ఉన్నడు.”

“గేటు చప్పుడు వినొచ్చిందా?”

కృష్ణయ్య గేటు వైపు తిరిగి చూశాడు. ఆ ప్రశ్న అతన్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు. “ఇనరాలే మేడం,” అన్నాడు చివరికి, నెమ్మదిగా. “గేటు కిర్రుమని మస్తు మొత్తుకుంటది. ఇనరాలే.”

“అప్పుడు కరెంటు ఉందా?”

“లేదు. జరసేపటి ముందే పోయింది. బస్తీ మొత్తం చీకటి. మా కెమెరాలు బ్యాటరీ మీద నడుస్తయి గాబట్టి…”

“బాగానే విచారిస్తున్నారు, ఆఫియాగారూ.”

గొంతు వెనక నుంచి వచ్చింది. వరండా మెట్ల మీద అంజన్ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చేతిలో ట్యాబ్. పెద్ద పెద్ద కంపెనీలకు మాత్రమే పనిచేసే డిటెక్టివ్ ఏజెన్సీ అతనిది. ఇంతకుముందు రెండు కేసుల్లో ఆఫియాకు అడ్డం తగిలాడు. రెండోసారి ఓడిపోయాడు. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది.

“మిమ్మల్నెవరు పెట్టుకున్నరు, అంజన్?”

“రూపదర్శి పరిశోధన డైరెక్టర్, స్రవంతి మేడం. తారిక్ తమ పరిశోధనను ఎత్తుకుపోయాడని ఆవిడ అనుమానం. నాది కూడా అదే.” అతను ముస్కాన్ వైపు ఒక్క క్షణం చూశాడు. “సారీ అమ్మా. మీ అన్న దొంగ.”

ముస్కాన్ ముందుకు దూకబోయింది. ఆఫియా ఆమె మణికట్టు పట్టుకుంది.

“మీ మేడంతోని మాట్లాడాలె.”

“రండి. ఢిల్లీలో ఉన్నారు, స్క్రీన్ మీదకు వస్తారు.”

లోపలికి నడుస్తుంటే కృష్ణయ్య ఆఫియా పక్కకు చేరి గొంతు తగ్గించాడు. “మేడం ఈ నడుమ మారింది. ఇంతకుముందు, కృష్ణయ్యా తిన్నవా, పిల్లలెట్లున్నరు అనేది. గిప్పుడు ఫోన్ల కృష్ణయ్యగారు అంటున్నది. నాకు భయమైతది.”

*

సమావేశం గదికి పోవాలంటే మధ్య హాలు దాటాలి. ఆ హాల్లో నిలువెత్తు ఇనుప గోళం ఉంది. దాని నిండా లోపలికి తిరిగిన చిన్న చిన్న దీపాలు, కెమెరాలు. గోళం నడుమ ఖాళీ కుర్చీ. అందులో మనిషిని కూర్చోబెట్టి, అన్ని వైపుల నుంచి వెలుతురు కొట్టి, ముఖంలోని ప్రతి ముడతనూ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు.

ఎక్కించిన ముఖాలు గోడ మీది తెరల్లో ఉన్నాయి. మెడ దగ్గర తెగిన తలలు మెల్లగా గుండ్రంగా తిరుగుతున్నాయి. కృష్ణయ్య తల కూడా వాటిలో ఉంది. అసలు కృష్ణయ్య దాని వైపు చూడకుండా తల వంచుకుని దాటాడు. మొదటి తెర మీద నలభై ఏళ్ల స్త్రీ ముఖం. ఆఖరి తెర కింద తారిక్ పేరు రాసి ఉంది. తెర ఖాళీ.

“ఒక్కసారి గూడ కూసోలే గా కుర్చీల,” గొణిగింది ముస్కాన్. “నా మొఖం నా దగ్గర్నే ఉండనీ అన్నడట.”

సమావేశం గదిలో గోడంత తెర వెలిగింది. మొదటి తెర మీద చూసిన స్త్రీ ఇప్పుడు నీలం చీరలో, పుస్తకాల అరల ముందు కూర్చుని నమస్కారం పెట్టింది.

“నమస్కారం ఆఫియాగారూ. నేను స్రవంతిని. తారిక్ విషయం మా అందరికీ ఎంతో బాధగా ఉంది.”

ఆఫియా ఓ మూల కుర్చీలో కూర్చుంది. ముస్కాన్ ఇంకో మూల. ఇద్దరికీ ఆవిడ తమనే చూస్తున్నట్టు అనిపించింది.

“తారిక్ ఏం పరిశోధన చేసేవాడు మేడం?”

“మా సంస్థ లోకానికిచ్చినవి ముఖ్యంగా మూడు. మనిషి ముఖాన్ని ఉన్నదున్నట్టు పట్టుకోవడం ఒకటి. మీరిప్పుడు గోళం చూశారు కదా. ఆ మనిషిని ఏ దృశ్యంలోనైనా, అక్కడి వెలుతురుకు సరిపోయేలా నిలబెట్టడం రెండోది. సినిమాలవాళ్లు దాన్ని ఎక్కువగా వాడుతున్నారు. మూడోది తారిక్ పని. మూలచూపు అంటాం. ఖాళీ గోడ నిజానికి ఖాళీ కాదు. గదిలో ఎవరు నిలబడినా వారి రంగు, నీడ, కంటికి ఆననంత పలచగా ఎదురు గోడ మీద పడుతుంది. ఆ గోడ వీడియోను లెక్కగట్టి, కెమెరాకు కనపడని మూలలో ఏముందో బొమ్మ కట్టడం. ఇంకా పసిదశలోనే ఉంది. నమ్మదగినది కాదు.”

“ఎత్తుకపోయిండు అంటున్నది దాన్నేనా?”

“అవును.”

“నమ్మదగనిదాన్ని ఎత్తుకపోవుడెందుకు?”

స్రవంతి చిరునవ్వు చెదరలేదు. అంజన్ దగ్గి, ట్యాబ్ ముందుకు జరిపాడు.

“ఇది చూడండి. గేటు కెమెరా.”

గల్లీ. దేవిడీ గేటు. పక్కన కరెంటు స్తంభం. బ్యాగు వేసుకున్న మనిషి కెమెరాకు వీపు పెట్టి నడిచి వెళ్తున్నాడు. తారిక్ నడకే. ఎడమ భుజం కాస్త వంగి ఉంది. ఆఫియా దాన్ని ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ ఆపింది.

“అంజన్, కరెంటు లేదని కృష్ణయ్య చెప్పింది విన్నరు కదా?”

“విన్నాను.”

“మరి ఇతని నీడ గింత పొడుగు ఎట్ల పడ్డది?”

“ఎదురింట్లో ఇన్వర్టర్ ఉండొచ్చు. బండి హెడ్‌లైట్ కావచ్చు. నీడ పట్టుకుని కేసు నడుపుతారా?”

“సరే, ఎదురింటి లైటే అనుకుందాం. మనిషి పక్కనే స్తంభముంది. మనిషికి నీడ పడ్డది. స్తంభానికేది?”

అంజన్ వంగి చూశాడు. తెరను పెద్దది చేసి మళ్లీ చూశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

“వీళ్ల రెండో పరిశోధన గిది,” అంది ఆఫియా. “మొఖం కనపడకుంట, వీపు దిక్కు నుంచి మనిషిని దృశ్యంల నిలబెట్టిండ్రు. రోజూ ఆ టైముకు వీధిలైటు ఉంటది గాబట్టి దాని లెక్కన నీడ పెట్టిండ్రు. ఆ పొద్దు లైటే లేదని వాళ్లకు తట్టలే. తారిక్ ఈ గేటు దాటలేదు, అంజన్. మీ దొంగ ఎటూ పోలేదు.”

“అయితే వినండి.” అంజన్ కుర్చీలోంచి లేచాడు. ఓడిపోతున్న కోపం గొంతులో ఉంది. “గేటు వీడియో తయారుచేసిందే అయితే, చెల్లెలికొచ్చిన కాల్ మాత్రం అసలుదని ఎలా అంటారు? అదీ తయారుచేసిందే. మనిషి బతికుంటే మనిషి చేతే మాట్లాడించేవాళ్లు. బొమ్మతో మాట్లాడించారంటే అర్థమేంటో ఈ అమ్మాయికి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?”

ముస్కాన్ పెదవులు తెల్లబడ్డాయి. కానీ ఏడవలేదు.

“నాకు తెలుసుకునే దారుంది,” అంది. “మూలచూపు. మా ఇంట్లనే భాయ్ దాన్ని పరీక్ష చేసేటోడు. నన్ను వంటింటి మూలకు నిలబెట్టి, బయటి గోడను వీడియో తీసేటోడు. నడిపించుడు నాకొచ్చు. నిజంగ తీసిన వీడియో అయితె మూలకు అవతల ఏదో ఒకటి కనపడతది. తయారుచేసిందైతె…” ఆమె గొంతు సన్నబడింది. “తయారుచేసినదానికి మూలకు అవతల ఏం ఉండదు ఆపా. అంతా ఖాళీ.”

“ఆ సాధనం పరిణతి చెందలేదు,” అంది తెర మీది స్రవంతి, మృదువుగా. “అమ్మాయిని అనవసరంగా బాధపెట్టడమే అవుతుంది.”

“బాధపడనియ్యిండ్రి,” అంది ఆఫియా.

*

తారిక్ పనిచేసిన చీకటిగది దేవిడీకి అన్నిటికన్నా లోపల ఉంది. గోడలకూ కప్పుకూ నల్ల రంగు. నేల మీద గోడ నుంచి గోడ దాకా నల్లటి రబ్బరు పరుపు. మూల ఒక బరువైన బల్ల, దాని మీద కంప్యూటర్. తలుపు వేయగానే తమ చేతులు తమకే కనపడలేదు. కృష్ణయ్య తలుపు దగ్గరే ఆగిపోయాడు.

ముస్కాన్ ముందుగా అంజన్ ట్యాబ్‌లోని గేటు వీడియోను ఎక్కించింది. తెర మీద బూడిద రంగు రేణువులు లేచాయి. ఈగల్లా ముసిరాయి. దేన్నో వెతుకుతున్నట్టు అటూ ఇటూ తిరిగి, ఏమీ దొరక్క పలచబడి, చదునైన బూడిదరంగుగా నిలిచిపోయాయి.

మూలకు అవతల వీధి లేదు. ఎదురిల్లు లేదు. ఆకాశం లేదు. ఆ బొమ్మ అంచుల దగ్గరే లోకం ఆగిపోయింది.

అంజన్ తన ట్యాబ్‌ను బల్ల మీద బోర్లించాడు.

“ఇప్పుడు భాయ్ కాల్,” అంది ముస్కాన్. వేలు మీట మీద పెట్టింది కానీ నొక్కలేకపోయింది. ఆఫియా ఆమె వేలి మీద తన వేలు పెట్టి నొక్కింది.

రేణువులు లేచాయి. ముసిరాయి. తిరిగాయి. పలచబడ్డాయి. ముస్కాన్ కళ్లు మూసుకుంది.

“కళ్లు తెరువు బేటా,” అంది ఆఫియా.

రేణువులు గడ్డకడుతున్నాయి. నీళ్లలో కలిసిన బూడిద అడుక్కు చేరుతున్నట్టు ఎడమ వైపు ఒక వంపు తేలింది. అర్ధచంద్రంలా. దాని మధ్య నిలువు గీతలు. వంపులోంచి వెలుతురు వస్తోంది. ఎదురుగా, తారిక్ చూస్తున్న వైపు, చేయి చాపి నిలబడ్డ ఒక ఆకారం. ఆ చేతిలోనిది ఫోనే అయ్యుండాలి. ముఖం లేదు. ముఖం ఉండాల్సిన చోట మసక.

“భాయ్ బతికే ఉన్నడు,” ముస్కాన్ గుసగుసలాడింది. “నిన్న పొద్దుగాల బతికే ఉన్నడు ఆపా!”

“ఆగు. ఇంకా వస్తున్నది.”

కుడివైపున, నేలకు దగ్గరగా, మరో ఆకారం. కూర్చుని ఉంది. తల వంగి ఉంది. విడిపోయిన జుట్టు మోకాళ్ల దాకా జారింది. రెండు చేతులూ ఒకదానికొకటి అతుక్కున్నట్టు ముందుకు కట్టి ఉన్నాయి.

“ఎవరో ఆడమనిషి,” అన్నాడు అంజన్. అతని గొంతులో వెటకారం పోయింది.

“ఆ ఆకారాలను నమ్మకండి.” కప్పులోని స్పీకరు ఉన్నట్టుండి పలికింది. స్రవంతి గొంతు. చీకట్లో అది ఏ వైపు నుంచి వస్తోందో తెలియలేదు. “అవి లెక్కలు కనే కలలు. లేని మనుషులను చూపిస్తాయి.”

ఆఫియా చూపు ఆ వంపు మీదే ఉంది. ఊచలున్న అర్ధచంద్రం. గంట క్రితం అలాంటిదే వెనక గల్లీలో, నేలకు జానెడు ఎత్తులో చూసింది. గోడ అవతలి నుంచి.

“మేడం, ఈ బంగ్లకు తహఖానా ఉందా? కింద గది?”

“లేదు.”

“ఉండె కదా మేడం,” అన్నాడు కృష్ణయ్య తలుపు దగ్గర నుంచి, అమాయకంగా. “నవాబుల కాలంది. మనమొచ్చినంక మూసేసినమన్నరు.”



ఆఫియా సంచిలోంచి టార్చి తీసి నేల మీద మోకరిల్లింది. రబ్బరు పరుపు అంచులు గోడల వెంట జిగురుతో అంటుకుని ఉన్నాయి. బల్ల కింద మాత్రం ఒక చోట అంచు లేచి ఉంది. పలచటి కాగితపు ముక్క చింపి ఆ అంచు దగ్గర పట్టుకుంది. కిటికీ లేని ఆ గదిలో కాగితం వణికింది. కింద నుంచి గాలి వస్తోంది. తేమ వాసనతో.

“బల్ల జరపండి,” అంది.

ఆమె ఎవరితో అన్నదో అంజన్ అడగలేదు. చొక్కా చేతులు మడిచి భుజం ఆనించాడు. పరుపు చీలిస్తే చెక్క మూత బయటపడింది. అంచులకు పూసిన సున్నం ఒక పక్క పగిలి ఉంది. కృష్ణయ్య పరుగెత్తి గడ్డపార తెచ్చాడు. ఇద్దరు మగవాళ్లూ కలిసి ఎత్తితే మూత మూలిగింది. సున్నం పెళ్లలు రాలి, ఎక్కడో కింద తడి రాళ్ల మీద పడ్డ చప్పుడైంది.

“భాయ్!” ముస్కాన్ అరిచింది.

జవాబు లేదు. ఆఫియా ఆపేలోపే ఆ పిల్ల మెట్లు దిగిపోయింది.

*

మెట్లు నాచుపట్టి జారుతున్నాయి. ఆఫియా వెనక అంజన్ దిగాడు. కృష్ణయ్య మూత దగ్గర కూర్చుని తన ఫోన్ దీపం కిందికి పట్టాడు. అడుగున కమాను కప్పుతో పొడవాటి గది. ఆ చివర ఊచల గూడు, పక్కగోడలో ఏదో సొరంగంలోకి పోయేలా కొత్తగా వేసిన ఇనుప తలుపు. బయటి నుంచి తాళం. ఒక గోడకు మాత్రం కొత్తగా తెల్ల రంగు వేశారు. దాని ముందు కుర్చీ. కుర్చీకి కట్టేసి ఉన్న మనిషి తల ఎత్తాడు.

“ముస్కాన్?” తారిక్ గొంతు పొడిబారి ఉంది. కళ్లు చిట్లించి చూశాడు. దగ్గరికి పరుగెత్తిన చెల్లెలిని చూసి సంతోషించలేదు. భయపడ్డాడు. “ఆగు! ఆడనే ఆగు. చెయ్యియ్యి. ముందుగాల చెయ్యియ్యి.”

ముస్కాన్ చెయ్యి చాపింది. కట్టేసిన చేతివేళ్లతో తారిక్ ఆ అరచేతిని తడిమాడు. గాజులు తడిమాడు. గోళ్లు తడిమాడు. అప్పుడు అతని ముఖం చిన్నపిల్లాడి ముఖంలా ముడుచుకుపోయింది.

“నువ్వే,” అన్నాడు. “నిజంగ నువ్వే.”

అంజన్ జేబులోంచి చిన్న కత్తి తీసి తాళ్లు కోశాడు. ముస్కాన్ అన్న తలను కడుపుకు హత్తుకుని ఏడుస్తోంది. ఆఫియా టార్చిని కుడివైపు తిప్పింది. మూలచూపు చూపించిన వైపు.

గోడకు ఆనుకుని ఒక స్త్రీ కూర్చుని ఉంది. చిక్కులు పడ్డ జుట్టు, చిరిగిన చీర. చేతులు ముందుకు కట్టి ఉన్నాయి. వెలుతురు పడగానే ముఖం పక్కకు తిప్పుకుంది. మళ్లీ మెల్లగా వాళ్ల వైపు తిప్పింది.

అంజన్ చేతిలోని కత్తి నేల మీద పడింది.

సన్నబడ్డ ముఖం. లోపలికి పోయిన కళ్లు. అయినా పొరపాటు పడే వీల్లేదు. కాసేపటి క్రితం గోడంత తెర మీద నీలం చీరలో నమస్కారం పెట్టిన ముఖం ఇదే.

“ఎవలు మీరు?” అందామె. “మనుషులేనా?”

“మేడం…” అంజన్ ఒక అడుగు వెనక్కి వేశాడు. “మీరు ఢిల్లీలో… నన్ను పని మీద పెట్టుకుంది మీరే కదా…”

“నేనెవ్వల్నీ పెట్టలే. నెల దాటింది, ఈన్నే ఉన్న.” కరీంనగర్ యాస. తెర మీద ఆ గొంతులో ఒక్కసారి కూడా వినపడని యాస. “మా రెండో పరిశోధనతోటి దొంగ సాక్ష్యాలు తయారుజేస్తమని ఎవలో వచ్చిండ్రు. కోర్టుల చూపెట్టేటందుకు. నేను ఇయ్యనన్న. గోళంల మొట్టమొదలు కూసున్నది నేనే కదా. నా మొఖం వాళ్ల దగ్గర ఉండె. నేను లేకున్నా పని నడుస్తదన్నరు. నడుస్తున్నది.”

ఆఫియా టార్చిని ఆమె ముఖం మీంచి పక్కకు దించింది. “నెల నుంచి మిమ్మల్ని ఎవరూ వెతకలేదా?”

స్రవంతి నవ్వబోయింది. అది నవ్వు కాలేదు.

“మా అమ్మ ఉన్నది కరీంనగర్‌ల. వాళ్లు నాకు చూపెట్టిండ్రు. రోజు పొద్దుగూకంగ మా అమ్మ నా బొమ్మతోటి వీడియోల మాట్లాడుతది. ఏం తిన్నవ్ బిడ్డా అని అడుగుతది. అది చెప్తది. మా అమ్మ నవ్వుతది.” ఆమె కళ్లు మూసుకుంది. “మా అమ్మ గూడ గుర్తుపట్టలే.”

“నేను పట్టిన,” అన్నాడు తారిక్. చెల్లెలి భుజం పట్టుకుని నిలబడే ప్రయత్నం చేస్తున్నాడు. “మూలచూపు ఎంత పనిచేస్తదో చూద్దామని మేడంతోటి మీటింగు రికార్డులకు పెట్టిన. పుస్తకాల అరల పక్కన కిటికీ కనపడుతదనుకున్న. ఏం లేదు. అంతా ఖాళీ. నేను పిచ్చోని లెక్క పోయి దాన్నే అడిగిన. మేడం, మీ గదిల ఏం లేదేందని. ఆ సాయంత్రమే వచ్చి పట్టుకున్నరు. నా మొఖం వాళ్ల దగ్గర లేదు గాబట్టి నాతోనే మాట్లాడించిండ్రు.”

“ఎవరు వాళ్లు? చూశావా?” అంజన్ అడిగాడు.

“మొఖాలకు గుడ్డలు కట్టుకొని ఆ ఇనుప తలుపు నుంచి వస్తరు. కానీ ఆ బొమ్మను ఆడించేటోడు ఒక్కడే. వాడెన్నడూ కిందికి రాడు. కెమెరాలల్లకెల్లి అన్నీ చూస్తడు, అన్నీ వింటడు.”

ఆఫియా చప్పున తల ఎత్తింది. చీకటిగది కప్పులోని స్పీకరు. అది మాట్లాడింది. అంటే విన్నది కూడా. మూత ఎత్తిన చప్పుడు, ముస్కాన్ అరుపు, అన్నీ.

“అంజన్, మేడంను లేపండి. తొందరగ. మాటలు పైకి పోయినంక.”

అంజన్ వంగి, పడిన కత్తి అందుకుని స్రవంతి చేతి కట్లు కోసేసరికి పైన చీకటిగది స్పీకరులోంచి ఒక గొంతు వినిపించింది. మెట్ల గోడలకు తగిలి, మెత్తగా, మర్యాదగా కిందికి జారింది.

“కృష్ణయ్యగారూ, వాళ్లు కిందనే ఉన్నారా?”

స్రవంతి ఒళ్లంతా ఒక్కసారిగా బిగుసుకుపోయింది. తన గొంతు తనకు పైనుంచి వినపడుతుంటే, రెండు చేతులతో చెవులు మూసుకుంది.

“ఆ మేడం, ఉన్నరు మేడం!” కృష్ణయ్య సంబరంగా జవాబిచ్చాడు. అన్నాచెల్లెళ్ల గొంతులు తప్ప కింద జరిగిన మాటలు అతని దాకా వెళ్లలేదు. “తారిక్ సార్ దొరికిండు మేడం! అందరు కిందనే ఉన్నరు!”

“చాలా సంతోషం.”

పైన మళ్లీ ఏవో మాటలు, తక్కువ గొంతులో. ఆఫియా అప్పటికే మెట్ల మీదకు దూకింది. నాచు మీద కాలు జారింది. గోడ పట్టుకుని లేచింది. ఆమె వెనక, గదికి ఆ చివర, ఇనుప తలుపు తాళంలో ఎవరో చెవి తిప్పుతున్న చప్పుడైంది.

మెట్ల పైన, వెలుతురు చతురస్రంలోకి కృష్ణయ్య తల వంగింది.

“మేడం,” అన్నాడు అయోమయంగా. “స్రవంతి మేడం మూత ఏసెయ్యుమంటున్నది. పైన బల్ల జరపమంటున్నది. ఏసెయ్యాల్నా?”